నోటితో అనలేదు

జనవరి 5, ఆదివారం

ఇవాళ రాయకుండా ఉండలేను.

ఈ ఊరి సంఘానికి పాస్టరుగా వచ్చి పదిహేడేళ్లు. ఒక్క సూచన చూపించు తండ్రీ అని ఎన్ని ఉపవాసాలున్నానో ఆయనకే తెలుసు. అరవై మంది వచ్చే ఆరాధనకి ముప్ఫై మంది అయ్యారు. ముప్ఫై కాస్తా ఇరవై రెండు. మిగతావాళ్లు ఆదివారం పొద్దున్నే ఆటోలెక్కి చిలకలూరిపేటలో నతానియేలు బ్రదర్ మందిరానికి పోతున్నారు. అక్కడ కుంటివాళ్లు నడుస్తారట. ఇక్కడ నేను వాక్యం చెబుతుంటే ఫ్యాను చప్పుడు వినిపిస్తుంది.

ఇవాళ యలమంద లేచాడు.

మార్టూరు పాలిష్ యూనిట్లో పన్నెండేళ్లు రాతిపొడి మింగిన మనిషి. నవంబరులో టీబీ అని తేలింది. వాళ్లది మన మతం కాదు, నెలన్నరగా మందిరానికి వస్తున్నారు. భార్య నాంచారమ్మ ఇవాళ భుజం పట్టి నడిపించుకొచ్చి వెనక బల్ల మీద కూర్చోబెట్టింది. ఆరాధన చివర ముందుకు పిలిచి తల మీద చెయ్యి పెట్టాను. ఏం ప్రార్థించానో గుర్తు లేదు. నోట్లోంచి వచ్చిన మాటలు నావి కావు. కళ్లు తెరిచేసరికి ఎవరి ఆసరా లేకుండా నిలబడి ఉన్నాడు.

"అయ్యగారూ, దగ్గు రావట్లేదండి" అన్నాడు.

మందిరం చుట్టూ ఒక్కడే నడిచొచ్చాడు. ఆడవాళ్లు ఏడ్చారు. నేనూ ఏడ్చాను.

దేవకుమారి ఏడవలేదు. నా భార్యే, కానీ ఊరికి ఆశా వర్కరు కదా, ప్రతి మనిషినీ రిజిస్టరులో గడిలాగా చూస్తుంది.

జనవరి 6

నాంచారమ్మ సొరకాయ తెచ్చిచ్చింది. యలమంద కాలవ గట్టు దాకా నడిచాడట. స్తోత్రం.

జనవరి 12, ఆదివారం

యాభై ఒక్క మంది. బల్లలు చాలక స్కూలు నుంచి తెచ్చాం. మోకాళ్లు, నడుములు, షుగరు, పిల్లలు లేనివాళ్లు. ఒక్కొక్కరి తల మీదా చెయ్యి పెట్టేసరికి మధ్యాహ్నం రెండైంది. యలమందని నిలబెట్టి సాక్ష్యం చెప్పించాను. బాగా చెప్పాడు.

ఇన్నేళ్లూ నన్ను "పాస్టరు గారు" అన్న ఊరు ఇవాళ "దైవజనులు" అంది. మహిమ ఆయనకే. ఇది రాసుకోవాలి, మహిమ ఆయనకే.

జనవరి 20, సోమవారం

దేవకుమారి మధ్యాహ్నం ఇంటికొచ్చి, అన్నం పెట్టకుండా ఎదురుగా కూర్చుంది.

"యలమంద రెండు వారాల నుంచీ మాత్రలు తీసుకోవట్లేదండి. పిలిస్తే బయటికి రాడు."

"బాగైంది కదా."

"ఆరు నెలల కోర్సు. ఏడు వారాలే అయింది. ఏడు వారాలకి ఎవరికైనా బాగైనట్టే ఉంటుంది. అది మాత్రల గుణం."

"అంటే దేవుడి పని కాదంటావు."

"మాత్రలు మాత్రం దేవుడి పని కాదా?"

కేకలేశాను. పదిహేడేళ్లలో ఆవిడ మీద అంత గొంతు ఎప్పుడూ లేవలేదు. తర్వాత తనే అన్నం పెట్టింది.

మాత్రలు ఆపమని నేననలేదు. నమ్మమన్నాను. అంతే.

జనవరి 22

రొట్టె ద్రాక్షారసం పెట్టే బల్ల సొరుగులో దేవకుమారికి రెండు అట్టల మాత్రలు కనిపించాయి. యలమందకి తనే ఇచ్చినవట. "ఇవి ఇక్కడికెలా వచ్చాయి?" అంది.

సొరుగులో చాలా ఉంటాయి. కొవ్వొత్తులు, పాత పాటల కాగితాలు, అగ్గిపెట్టెలు.

జనవరి 29, బుధవారం

నతానియేలు బ్రదర్ కారు మా సందులో పట్టక రోడ్డు మీదే ఆగింది. నడిచొచ్చాడు మా ఇంటికి. పట్టుపంచె, చేతికి వాచీ. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని టీ తాగాడు.

"జక్రయ్య గారూ, ఇన్నాళ్లూ మీలాంటి వాళ్లని దాచిపెట్టాడు ప్రభువు. వచ్చే నెల మూడు రోజులు స్వస్థత కూటాలు పెడుతున్నాం, పేట జిన్నింగు మిల్లు ఖాళీ స్థలంలో. రెండో రోజు సాయంత్రం మీదే. మీ సంఘం తమ్ముడు యలమందని కూడా స్టేజీ మీదికి తీసుకురండి. చూసి నమ్మేవాళ్లే ఎక్కువ ఈ రోజుల్లో."

ప్రార్థన చేసి చెబుతానన్నాను. అతను గుమ్మం దాటకముందే ఒప్పుకున్నాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

నూట పది.

యలమంద రెండుసార్లు బయటికెళ్లొచ్చాడు. కిటికీలోంచి దగ్గు వినపడింది. మిరప కోతలు కదా, ఊరంతా కల్లాల్లో కాయలు ఎండుతున్నాయి, ఆ ఘాటుకి ఎవరికైనా దగ్గొస్తుంది. నాకూ వచ్చింది.

ఫిబ్రవరి 14

దేవకుమారి మాత్రలు పట్టుకుని యలమంద ఇంటికెళ్లింది. అతను చేతులు జోడించాడట. "అమ్మగారూ, ఇవి మింగితే అయ్యగారి మాట పోతుందండి. ఊరంతా చూశారు" అన్నాడట.

ఇది నాకు చెప్పి, అంట్లు కడుగుతూ, నావైపు తిరక్కుండానే అంది.

"కుష్ఠు బాగైనవాళ్లని కూడా యాజకుడి దగ్గరికెళ్లి చూపించుకోమన్నాడు ప్రభువు. ఆ రోజుల్లో పరీక్ష చేసేది యాజకుడే కదండీ. పైగా ఎవరికీ చెప్పొద్దన్నాడు. మీరు పరీక్ష వద్దంటారు, ఊరికంతటికీ చెబుతారు."

"నేను వద్దనలేదు."

"వెళ్లమని కూడా అనలేదుగా."

మాత్రలు ఆపమని నేననలేదు. ఎవరైనా సాక్షిని పిలిచి అడగొచ్చు.

ఫిబ్రవరి 17

ఫ్లెక్సీలు కట్టారు. చిలకలూరిపేట సెంటర్లో నా ఫొటో, బస్సు పైకప్పు ఎత్తున. జుట్టు నల్లగా చేశారు. బస్సులోంచి చూశాను. దిగి, రోడ్డు దాటి, మళ్లీ చూశాను.

ఫిబ్రవరి 22, శనివారం

కూటం అయింది.

జనం ఎన్ని వేలో చెప్పలేను. హైవే మీద లారీలు ఆపి కూడా చూశారు. లైట్లు, కెమెరాలు, డ్రమ్ములు. నా వంతు వచ్చేసరికి ఇంకా పొద్దు పూర్తిగా దిగలేదు. యలమందని పిలిచాను. మెట్లెక్కడానికి ఇద్దరు కుర్రాళ్లు వెనక నుంచి ఆసరా ఇచ్చారు. కొత్త చొక్కా, మెడలో తువ్వాలు. నాంచారమ్మ కింద మొదటి వరసలో కూర్చుంది.

మైకు ఇచ్చి, వీపు మీద చెయ్యి వేశాను.

చొక్కా లోంచి కాలింది. పెనం మీద చెయ్యి పెట్టినట్టు. వేళ్ల కింద ఎముకలు లెక్కకి దొరికాయి.

"నేను యలమందనండి. చచ్చిపోతానన్నారండి..." అని మొదలుపెట్టి దగ్గాడు. ఆగలేదు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మైకులో అది మిల్లు గోడలకి కొట్టుకుని తిరిగొచ్చింది. అప్పుడు తల పక్కకి తిప్పి నావైపు చూశాడు. ఆ కళ్లలో భయం ఉంది, తన గురించి కాదు.

"మిరపకాయ ఘాటండి!" అన్నాడు మైకులో, నవ్వుతూ.

వేల మంది నవ్వారు. నతానియేలు బ్రదర్ చప్పట్లు కొట్టాడు.

నా చెయ్యి అతని వీపు మీదే ఉంది. నాకు తెలుసు. ఆ క్షణంలో తెలుసు. "హల్లెలూయ" అన్నాను.

ఫిబ్రవరి 23

ఆదివారం. మూడో రోజు కూటానికి వెళ్లలేదు. ఒంట్లో బాలేదని కబురు పంపాను.

ఫిబ్రవరి 24, సోమవారం

పొద్దున ఆరింటికి నాంచారమ్మ తలుపు బాదింది. చేతిలో స్టీలు బేసిను. అందులో ఉన్న నెత్తురు చూపించింది. నా వెనక నుంచి దేవకుమారి చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది.

సిలార్ ఆటో కట్టించాం గుంటూరుకి. సిలార్ మిరప బస్తాలు తోలే మనిషి, ఖాళీ సంచులు పరిచి యలమందని పడుకోబెట్టాడు. దారంతా అతని తల నాంచారమ్మ ఒళ్లో, కాళ్లు నా ఒళ్లో. నల్లపాడు దాటాక కళ్లు తెరిచి, "అమ్మగారూ, డాక్టర్లకి అయ్యగారి పేరు చెప్పొద్దండి" అన్నాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది. "మందులు ఎందుకు మానేశావయ్యా? ఎన్నాళ్లయింది?"

"మర్చిపోయానండి. ఓ పది రోజులు."

నేను పక్కనే నిలబడి ఉన్నాను. దేవకుమారి ఆ గదిలో లేదు, చీటీ రాయించడానికి వెళ్లింది. నాంచారమ్మ నా మొహంలోకి చూస్తోంది.

నేనేం మాట్లాడలేదు.

ఫిబ్రవరి 25

రాత్రంతా ఆ "పది రోజులు" అన్న మాటే. పొద్దున మొదటి బస్సుకి వెళ్లాను. డాక్టరమ్మ వార్డులోకి వస్తుంటే అడ్డం నిలబడ్డాను. చిన్న వయసు, నిద్ర లేని కళ్లు.

"అమ్మా, అతను అబద్ధం చెప్పాడు. నా కోసం. నేను పాస్టరుని. తప్పు నాది, నేను..."

"అవన్నీ తర్వాతండీ. తేదీ చెప్పండి. ఆఖరి మాత్ర ఎప్పుడు వేసుకున్నాడు?"

"జనవరి నాలుగు."

"కచ్చితంగానా?"

"కచ్చితంగా. అయిదో తారీఖు నుంచి లేవు."

వేళ్ల మీద లెక్కేసింది. "యాభై రోజులు. పదీ యాభై ఒకటేనా? క్రిములు మందుకి అలవాటు పడ్డాయేమో చూడాలి, వేరే పరీక్షకి పంపాలి. నిన్న చెప్పి ఉంటే నిన్ననే పంపేదాన్ని."

ఇంకేం తిట్టలేదు. తిడితే బాగుండేది.

మార్చి 1, శనివారం

రేపు సంఘం ముందు చెప్పాలి. చెప్పే ముందు ఇక్కడ రాసుకోవాలి. ఇక్కడే రాయలేకపోతే అక్కడ ఏం చెబుతాను?

జనవరి 5న యలమంద మందిరం చుట్టూ నడిచొచ్చి నా ముందు ఆగాడు. చొక్కా జేబులోంచి మాత్రల అట్టలు తీసి, "అయ్యగారూ, మరి ఇవి?" అని అడిగాడు. అందరూ చూస్తున్నారు. నేనేమీ అనలేదు. అతని చేతిలోంచి అట్టలు తీసుకుని, పైకెత్తి అందరికీ చూపించి, బల్ల మీద పెట్టాను. చప్పట్లు కొట్టారు. ఆరాధన అయ్యాక సొరుగులో వేశాను.

నోటితో అనలేదు, నిజమే. చేత్తో అన్నాను.

ఆ చప్పట్లు నాకు ఇంకా వినిపిస్తున్నాయి. ఇష్టంగానే వినిపిస్తున్నాయి. అదీ రాస్తున్నాను.

మార్చి 2, ఆదివారం

నూట నలభై మంది దాకా వచ్చారు. పైన రాసిందే చదివి వినిపించాను. వేదిక మీద చెయ్యి కాలిన సంగతీ చెప్పాను.

సంఘ పెద్ద ఇషాక్ మధ్యలో లేచాడు. "అయ్యగారూ, ఇది మనం నలుగురం కూర్చుని అనుకోవాల్సిన మాట. ముందు మైకు ఆపండి."

"చప్పట్లు మైకులోనే కొట్టించుకున్నాను ఇషాక్ గారూ."

సగం మంది పాట కూడా పాడకుండా వెళ్లిపోయారు. ఒకాయన గుమ్మం దగ్గర ఆగి, "మా అమ్మాయి తల మీద చెయ్యి పెట్టారు, అదీ అబద్ధమేనా?" అని అడిగాడు. తెలీదన్నాను. నాకు నిజంగా తెలీదు. దేవుడు ఆ రోజు యలమందని తాకలేదని కూడా నేను అనలేను. నేను తాకింది మాత్రం నా కోసం.

అందరూ వెళ్లాక ముసలి మార్తమ్మ కొంగులో చెయ్యి పెట్టుకుని మిగిలింది. "షుగరు మాత్రలు నేనూ మానేశానయ్యా. మీరు మానమన్లేదులే. యలమందని చూసి." ఆమె వెనక ఇంకో ఇద్దరు. దేవకుమారి అక్కడే నేల మీద కూర్చుని పేర్లు రాసుకుంది.

సాయంత్రం నతానియేలు బ్రదర్ ఫోన్. "శత్రువు నోటికి మేత వేశారు మీరు. వీడియో లక్ష మంది చూశారు, ఇప్పుడేం చెప్పమంటారు?"

"ఇదే చెప్పండి."

పెట్టేశాడు.

మార్చి 6

ఆసుపత్రిలో నాంచారమ్మ నన్ను వార్డు గుమ్మంలోనే ఆపింది. మాస్కు పైన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ప్రార్థన మాటెత్తితే ఇటునుంచి ఇటే పంపిస్తాను. పని చేస్తానంటే ఉండండి. పది రోజులైంది నేను నడుం వాల్చి."

"చేస్తానమ్మా."

"ఏం చెయ్యాలో తెలుసా?" అని కఫం గిన్నె చేతికిచ్చింది.

దొడ్లో కుళాయి దగ్గర ఫినాయిలు పోసి కడుగుతుంటే వాంతయింది. నేనే పదిహేడేళ్లు సేవ, పరిచర్య అని ప్రసంగాలు చేసింది. ఆ వాసన ఏ ప్రసంగంలోనూ లేదు.

మార్చి 7

రెండు దుప్పట్లు, మూడు తువ్వాళ్లు. గంజి. వాంతి కాలేదు.

మార్చి 11

పరీక్ష ఫలితం వచ్చింది. క్రిములు మొండికెయ్యలేదట. పాత మందులే పనిచేస్తాయి, కానీ మళ్లీ మొదటి రోజు నుంచి ఆరు నెలలు. ఊపిరితిత్తుల్లో రాతిపొడి చేసిన మచ్చలు మాత్రం పోవు. ఇంక పాలిష్ పని చెయ్యలేడు, మెట్లెక్కితే ఆయాసమే. డాక్టరమ్మ చెబుతుంటే యలమంద తలూపుతూ విన్నాడు. నేను వెళ్లి గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

మార్చి 19, బుధవారం

నాంచారమ్మ బట్టల కోసం ఊరెళ్లింది. మేమిద్దరమే. గంజి తాగించాను. యలమంద నెమ్మదిగా, మధ్యలో ఊపిరి తీసుకుంటూ అన్నాడు.

"అయ్యగారూ, మీరు తప్పుగా అనుకుంటున్నారండి."

"ఏంటి?"

"రోగం బాగవుద్దని మీ దగ్గరికి రాలేదండి నేను. టీబీ అని తెలిశాక యూనిట్లోంచి పంపేశారు. టీకొట్లో కాగితం కప్పు ఇచ్చి దూరంగా నిలబడమన్నారు. మా బావమరిది గుమ్మంలోంచే పలకరించి పోయేవాడు. ఆ వానలో మీరొచ్చారు, గుర్తుందా? నా మంచం మీదే కూర్చున్నారు. నాంచారమ్మ ఏం పెట్టాలో తెలీక పచ్చిపులుసు అన్నం పెడితే, మా కంచంలోనే తిని, కంచం మీరే కడిగి వెళ్లారు. ఆ రోజు అనుకున్నా, ఈయన దేవుడెవరో ఓసారి చూడాలని."

నాకు గుర్తులేదు. గుర్తొచ్చినట్టు తలూపాను, తర్వాత సిగ్గేసి, "గుర్తులేదు యలమందా" అని చెప్పేశాను.

నవ్వాడు. "మీకెందుకు గుర్తుంటదండి, పెట్టింది మేము, తిన్నది మీరు గదా."

ఇంటికొచ్చి పాత డైరీ తీశాను. నవంబరు మూడో వారం. ఒక్క వాక్యం ఉంది. "వాన. రెండిళ్లు దర్శించాను."

పదిహేడేళ్లు సూచన అడిగాను. అప్పుడు నేను అడిగింది ఎవరికి చూపించుకోడానికో ఇప్పుడు తెలుస్తోంది.

మార్చి 28

యలమందని ఇంటికి పంపించారు. సిలార్ డబ్బులు తీసుకోలేదు, "మీవాడే కాదు, మావాడు కూడా" అన్నాడు. మాత్ర రోజూ ఒక మనిషి ఎదుట మింగాలని నియమం. దేవకుమారి రిజిస్టరులో ఆ మనిషి పేరు రాసే గడి ఉంది. పెన్ను పట్టుకుని నావైపు చూసింది. నా పేరు చెప్పాను. నాంచారమ్మ ఒప్పుకుంటే, అంది. నాంచారమ్మ "ఏడింటికి రావాలి. ఆలస్యమైతే వద్దు" అంది.

ఏప్రిల్ 6, ఆదివారం

పందొమ్మిది మంది. మార్తమ్మ షుగరు మాత్రలు మొదలుపెట్టింది. ఇషాక్ గారు తిరిగొచ్చి వెనక బల్ల మీద కూర్చున్నారు, నాతో మాట్లాడలేదు.

ఏప్రిల్ 20, ఈస్టరు

కఫం పరీక్షలో క్రిములు లేవని నిన్ననే తెలిసింది. పొద్దున ఆరాధనలో ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. ముప్ఫై మంది ఉన్నారు, ఈస్టరు కదా, మంచి రోజు. దేవకుమారి మూడో వరసలోంచి చూస్తోంది. మింగేశాను. అది యలమంద చెప్పుకోవాల్సిన మాట, ఆరు నెలలు అయ్యాక, అతనికి ఇష్టమైతే.

ఏప్రిల్ 24, గురువారం

ఏడింటికి వెళ్లాను. యలమంద అరుగు మీద కూర్చుని ఉన్నాడు, కొంచెం ఒళ్లు చేశాడు. నాంచారమ్మ చాప మీద ఎండు మిరపకాయలు కుప్ప పోసుకుని తొడిమలు తీస్తోంది. కూలికి తెచ్చుకున్న కాయలు. నేను వెళ్లి గాలివాటానికి ఇవతల, అతని పక్కన కూర్చున్నాను.

"అయ్యగారూ, ఓ మాట అడగనా? ప్రార్థన చెయ్యరా నాకు? రెండు నెలలైంది" అన్నాడు యలమంద.

నేను నాంచారమ్మ వైపు చూశాను. చేతులు ఆగలేదు. ఎర్రటి వేళ్లు ఒక కాయ, ఇంకో కాయ. తల ఎత్తకుండానే అంది.

"ముందు మాత్ర."

మాత్రలు అరచేతిలో పోశాను. నీళ్లిచ్చాను. మింగాడు, నోరు తెరిచి చూపించాడు, నాలిక కింద కూడా. కార్డు మీద ఇవాళ్టి గడిలో గీత పెట్టాను.

"ఇంక కానివ్వండి" అంది నాంచారమ్మ.

అతని తల మీద చెయ్యి పెట్టలేదు. పక్కనే కూర్చుని కళ్లు మూసుకున్నాను. పెద్ద మాటలేవీ రాలేదు. ఇతనికి ఇవాళ ఆకలి వెయ్యనివ్వు ప్రభువా, ఆవిడకి కాస్త నిద్ర ఇవ్వు, నన్ను రేపు ఏడింటికి ఇక్కడికి తీసుకురా అన్నాను. ఇంకేమీ లేదు.

ఆమేన్ అన్నది యలమంద ఒక్కడి గొంతే అనుకున్నాను. కళ్లు తెరిస్తే నాంచారమ్మ చేతులు ఆగి ఉన్నాయి.

"చెయ్యి ఖాళీయే కదా మీకు" అని, కాయలు దోసెడు నా వైపు తోసింది.